సంఘంలో ఏ నిర్ణయం ఎవరిది? కలిసి పాలించుకోవడానికి సమగ్ర మార్గదర్శి

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సంఘం లేని ఊరు దొరకడం కష్టం. పొదుపు సంఘం, ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం, పాల సంఘం, చేనేత సొసైటీ, గొర్రెల కాపరుల సొసైటీ, మత్స్యకారుల సంఘం, ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల కంపెనీలు. అన్నిటికీ బైలా ఉంటుంది, అది బీరువాలో ఉంటుంది. రిజిస్ట్రేషన్ నాడు ఎవరో టైపు చేయించి తెచ్చిన కాగితాల మీద అందరూ సంతకాలు పెట్టి ఉంటారు. ఆ తర్వాత అసలు నిర్ణయాలు అధ్యక్షుడి ఇంటి అరుగు మీదో, కార్యదర్శి ఫోన్లోనో జరిగిపోతుంటాయి.

పంట బాగుండి, ధర బాగున్నన్ని రోజులు ఎవరూ పట్టించుకోరు. మిర్చి ధర ఒక్కసారి పడిపోయిననాడు, వడ్ల లారీ మిల్లు ముందు రోజుల తరబడి ఆగిననాడు "నిన్ను ఎవడు అమ్మమన్నడు?" అన్న ప్రశ్న లేస్తుంది. దానికి తీర్మానాల పుస్తకంలో జవాబు లేకపోతే అక్కడి నుంచి సంఘం రెండు వర్గాలవుతుంది. నేను దగ్గర నుంచి చూసిన తగాదాల్లో డబ్బు మాయమై మొదలైనవి తక్కువ. మమ్మల్ని అడగలేదన్న బాధతో మొదలైనవే ఎక్కువ.

అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. ఏ నిర్ణయం ఎవరు తీసుకోవాలో, ఆ అవసరం రాకముందే అందరూ కూర్చుని తేల్చుకోవాలి, రాసుకోవాలి. అర్థం కావడానికి రెండు సంఘాలను ఊహించుకుందాం: ఒకటి 400 మంది మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ, రెండోది వడ్ల కొనుగోలు కేంద్రం నడిపే మహిళల గ్రామైక్య సంఘం. మీది పాఠశాల కమిటీ అయినా, హనుమకొండలో అపార్ట్‌మెంట్ సంఘమైనా అడుగులు ఇవే, చట్టం పేరు మాత్రం మారుతుంది.

మొదటి అడుగు: మీ సంఘం ఏ చట్టం కింద ఉందో చూడండి

బీరువా తెరిచి రిజిస్ట్రేషన్ పత్రం బయటికి తీయండి. దాని మీద ఉన్న చట్టం పేరే మీరు ఎంతవరకు స్వేచ్ఛగా నియమాలు రాసుకోవచ్చో చెబుతుంది.

1964 సహకార సంఘాల చట్టం కింద ఉన్నవి మన దిక్కు చాలా ఉన్నాయి. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు, పాత చేనేత సొసైటీలు ఎక్కువగా ఈ చట్టం కిందివే. వీటి మీద సహకార శాఖకు అధికారాలు ఎక్కువ. పాలకవర్గాన్ని రద్దు చేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టే అధికారం కూడా ఉంది. కాబట్టి ఎన్నికలు, పదవీకాలం వంటివి మీ చేతిలో పెద్దగా ఉండవు. కమిటీలు, ఖర్చు పరిమితులు, సమాచారం చెప్పే పద్ధతి మాత్రం మీరే పెట్టుకోవచ్చు.

1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అనేది, దీనికి భిన్నం. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా సభ్యుల డబ్బుతో నడిచే సంఘాలకు తమ బైలా తామే రాసుకునే వీలు ఇచ్చింది. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల మహిళా పొదుపు సంఘాలు ఈ చట్టాన్ని బాగా వాడుకున్నాయి. చాలా మండల సమాఖ్యలు కూడా దీని కిందే నమోదయ్యాయి.

2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు ఉంటే చాలు. సేవా సంస్థలకు అది సరిపోతుంది. సభ్యులకు లాభం పంచుకునే వ్యాపారానికి పనికిరాదు.

ఉత్పత్తిదారుల కంపెనీ అయితే కంపెనీల చట్టం 2013లో, 2020 సవరణతో చేరిన 21-ఏ అధ్యాయం వర్తిస్తుంది. కనీసం పదిమంది ఉత్పత్తిదారులు కలిస్తే కంపెనీ పెట్టవచ్చు. డైరెక్టర్లు ఐదుగురికి తగ్గకూడదు, పదిహేను మందికి మించకూడదు. సభ్యులంతా వ్యక్తులే అయితే, ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకటే ఓటు. బోర్డు కనీసం మూడు నెలలకోసారి కలవాలి. పూర్తికాలపు సీఈఓ తప్పనిసరి. సర్వసభ్య సమావేశానికి పద్నాలుగు రోజుల ముందు నోటీసు, మొత్తం సభ్యుల్లో నాలుగో వంతు కోరం (సభ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) కావాలి. మన 400 మంది కంపెనీకి అంటే వంద మంది రావాలి. మంచి ముహూర్తాలున్న వారంలో సభ పెడితే వంద మంది రారు, అది ముందే చూసుకోవాలి.

మనిషికి ఒక ఓటు అనే సూత్రాన్ని 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పనివాళ్లు తమ దుకాణం కోసం పాటించారు. అది ఇప్పటికీ సహకార సంఘాలకు పునాదిగా నిలిచి ఉంది. ఐదెకరాల ఆసామికి, ఇరవై గుంటల రైతుకు ఒకే ఓటు అనేది మన ఊళ్లలో చిన్న విషయం కాదు. అయితే ఓటు సమానమైనంత మాత్రాన మాట సమానం అయిపోదు. మిగతా అడుగులన్నీ ఆ తేడాను తగ్గించడానికే.

రెండో అడుగు: పోయిన ఏడాది నిర్ణయాలన్నీ కాగితం మీద పెట్టండి

చాలామంది ఈ అడుగు వదిలేసి నేరుగా కమిటీలు వేసుకుంటారు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

పాలకవర్గం, సిబ్బంది, ఏ పదవీ లేని సభ్యులు ఐదారుగురు కలిసి ఒక పూట కూర్చోండి. పోయిన ఏడాది సంఘంలో జరిగిన నిర్ణయాలన్నీ రాయండి. పెద్దవి అందరికీ గుర్తుంటాయి: గోదాం అద్దె, బ్యాంకు లోను, కొత్త మేనేజరు. చిన్నవాటిని తవ్వి తీయాలి. కొనుగోలు కేంద్రంలో ఎవరి కుప్ప ముందు కాంటా పెట్టారు? వాన వచ్చిన రాత్రి టార్పాలిన్ పట్టాలు ముందు ఎవరికి ఇచ్చారు? గన్నీ సంచులు తక్కువ పడ్డప్పుడు ఎవరికి కోత పడింది? తేమ 17 శాతం దాటిన కుప్పను ఇంకో రోజు ఆరబెట్టమని ఎవరు చెప్పారు? వీటిని ఎవరూ నిర్ణయాలు అనుకోరు. రైతుకు మాత్రం సంఘం న్యాయంగా ఉందా లేదా అన్నది తెలిసేది వీటి దగ్గరే. వాటిని ఎవరు తేల్చారని అడిగితే చాలాసార్లు "అట్ల అయిపోయింది" అనే జవాబు వస్తుంది. ఆ జవాబు వచ్చిన ప్రతి చోటా ఎర్ర గుర్తు పెట్టండి.

తర్వాత ఒక్కో నిర్ణయానికి మూడు ప్రశ్నలు వేయండి. తప్పయితే నష్టం ఎవరిది? వెనక్కి తీసుకోగలమా? ఎంతలోపు తేల్చాలి?

మిర్చి అమ్మకమే తీసుకోండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పొద్దున జెండా పాట (ఆ రోజు మేలిమి సరుకుకు వేలం) అవుతుంది, ఆ తర్వాత ఖరీదుదారులు కుప్పలు చూసుకుంటూ పోతారు. ఆ రోజు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీకి పంపాలా అన్నది గంట రెండు గంటల్లో తేలాలి. దానికి 400 మందిని పిలవలేం, బోర్డును కూడా పిలవలేం. నష్టం మాత్రం 400 మందిదీ. ఇలాంటి నిర్ణయాన్ని ఒక్క చోట పెట్టడం కుదరదు, ముక్కలు చేయాలి. ఎంత సరుకు దాకా నిల్వ పెట్టవచ్చు, ఏ నెలలోపు అమ్మేయాలి అనే హద్దులు సర్వసభ్య సమావేశం పెడుతుంది. సీజన్ మొదట్లో బోర్డు కనీస ధర పెడుతుంది. ఆ హద్దుల లోపల ఆ రోజు పొద్దున అమ్మాలా వద్దా అన్నది ముగ్గురి అమ్మకం కమిటీ తేలుస్తుంది. ధర పడిపోయినా, కమిటీ హద్దులు దాటకపోతే ఎవరూ వాళ్ల గల్లా పట్టుకోకూడదు. ఆ మాట కూడా ముందే రాసి ఉండాలి.

ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. చెరువు నీళ్ల విషయంలో మన పెద్దలు చేసింది ఇదే. ఎంత నీరుంది, ఈ కారు ఎంత ఆయకట్టు సాగు చేయాలి అన్నది రైతులు కూర్చుని అనుకునేవాళ్లు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎప్పుడు నీళ్లు అన్నది నీరటి, అంటే నీళ్లు వదలడానికి ఊరు పెట్టుకున్న మనిషి, చూసుకునేవాడు. తూము దగ్గరికి ప్రతి రైతూ వచ్చి తానే తెరుస్తానంటే చివరి మడికి నీళ్లు అందవు. అలాగని ఎంత సాగు చేయాలో నీరటే చెప్పేస్తే రైతులు ఊరుకోరు.

మూడో అడుగు: నిర్ణయాలను నాలుగు చోట్లకు సర్దండి

సర్వసభ్య సమావేశం, పాలకవర్గం, కమిటీ, సిబ్బంది. మీ జాబితాలోని ప్రతి నిర్ణయం ఈ నాలుగింటిలో ఒక్కదాని కింద మాత్రమే రావాలి. రెండు చోట్ల రాస్తే ఇద్దరూ చేస్తారు, లేదంటే ఇద్దరూ చేయరు.

సర్వసభ్య సమావేశం నుంచి కిందికి దిగకూడనివి కొన్ని ఉన్నాయి: బైలా మార్పు, సభ్యత్వ అర్హతలు, పాలకవర్గం ఎన్నిక, తొలగింపు, ఆడిటర్ నియామకం, మిగులు పంపకం, భూమి, భవనం కొనడం, అమ్మడం, ఒక హద్దు దాటిన అప్పు. వీటిని "సమయం లేదు, బోర్డు చూసుకుంటది" అని ఒక్కసారి వదిలేస్తే మళ్లీ వెనక్కి రావడం చాలా కష్టం.

పాలకవర్గం పని ఏడాది ప్రణాళిక, బడ్జెట్, మేనేజరు లేదా సీఈఓ నియామకం, అప్పుల విధానం. ఇక్కడ ఒక రోగం తరచూ కనపడుతుంది. విధానం రాయాల్సిన బోర్డు సభ్యులు రోజూ ఆఫీసుకు వచ్చి ఎవరి లోను కాగితం ముందు రాయాలో బుక్ కీపర్‌కు చెబుతుంటారు. మేనేజరు మొత్తం పాలకవర్గానికి జవాబుదారీ, అధ్యక్షుడు ఒక్కడికే కాదు. బోర్డు సభ్యుడు సమావేశంలో కూర్చున్నప్పుడే బోర్డు, బయట అతను మిగతా వాళ్లలాంటి సభ్యుడే. ఈ రెండు వాక్యాలు మీ నియమాల్లో అచ్చంగా ఇలాగే రాసుకున్నా పరవాలేదు.

కమిటీలు తక్కువ పెట్టుకోండి. అమ్మకం లేదా కొనుగోలు కమిటీ, లెక్కలు చూసే కమిటీ, ఫిర్యాదుల కమిటీ చాలు. లెక్కల కమిటీలో పాలకవర్గం వాళ్లు ఉండకూడదు. ప్రతి కమిటీకి నాలుగు వాక్యాల కాగితం ఇవ్వండి: ఏం తేల్చవచ్చు, ఎంత ఖర్చు పెట్టవచ్చు, ఎవరికి ఎప్పుడు చెప్పాలి, ఎప్పటితో ముగుస్తుంది.

ఖర్చుకు రూపాయల్లో హద్దు పెట్టండి. "చిన్న ఖర్చులు మేనేజరు చూసుకోవచ్చు" అని రాస్తే ఒకరికి చిన్నది ఇంకొకరికి పెద్దది. ఉదాహరణకు 5,000 దాకా మేనేజరు, 50,000 దాకా కమిటీ, ఆపైన పాలకవర్గం, 5 లక్షలు దాటితే సర్వసభ్య సమావేశం. మీ ఏడాది టర్నోవరును బట్టి ఈ అంకెలు మార్చుకోండి.

ఒకే సంఘంలో అప్పు, ఎరువు, పంట అమ్మకం కలిసి ఉంటే ఈ విభజన ఇంకా అవసరం. భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి 1956లో మొదలుపెట్టిన సహకార గ్రామీణ బ్యాంకు ఈ మూడు పనులూ చేస్తూ ఇన్నేళ్లుగా నిలబడింది. అదే ముల్కనూరులో పూర్తిగా మహిళలే సభ్యులుగా ఉన్న పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ స్వకృషి పేరుతో డెయిరీ నడుపుతోంది. వీలైతే మీ పాలకవర్గాన్ని ఒక రోజు అక్కడికి తీసుకుపోండి. మేనేజరు ఏం తేలుస్తాడు, బోర్డు ఏం తేలుస్తుంది, సభ్యులు ఏం అడుగుతారు అన్నది వాళ్ల నోటి నుంచే వినండి.

నాలుగో అడుగు: ఏది ఎలా తేల్చాలో ముందే అనుకోండి

ఎవరు అన్నది తేలాక ఎలా అన్నది. మూడు పద్ధతులు చాలు.

మనుషుల ఎన్నికకు రహస్య ఓటు. చేతులు ఎత్తించవద్దు. ఊళ్లో చుట్టరికాలు, అప్పులు, కౌలు ఒప్పందాలు అన్నీ ఆ చేతి మీద ఉంటాయి. చీటీలు వేయించి, చదవడం రానివాళ్ల కోసం గుర్తులు పెట్టండి. పెద్దమనుషులు ముందురోజు రాత్రి కూర్చుని చేసే ఏకగ్రీవం కంటే పది ఓట్ల తేడాతో గెలిచిన పాలకవర్గానికి బలం ఎక్కువ.

చట్టం అడిగిన చోట మెజారిటీ. ప్రత్యేక తీర్మానం కావాల్సిన విషయాల్లో కంపెనీలకు అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడింతలు ఉండాలి.

మిగతా విధానాలన్నిటికీ నేను గట్టిగా సిఫారసు చేసేది సమ్మతి పద్ధతి. నెదర్లాండ్స్‌లో గెరార్డ్ ఎండెన్‌బర్గ్ అనే ఇంజనీరు 1970 దశకంలో తన ఎలక్ట్రికల్ కంపెనీలో దీన్ని ఒక క్రమంలో పెట్టాడు. ఇందులో "మీకు ఇష్టమేనా?" అని అడగరు. "దీనివల్ల మన సంఘం పనికి ఏమైనా నష్టముందా?" అని ఒక్కొక్కరినీ అడుగుతారు. కారణం ఉన్న అభ్యంతరం వస్తే ప్రతిపాదనను సరిచేస్తారు. లేకపోతే ముందుకు పోతారు. అందరికీ నచ్చేదాకా ఆగాల్సిన పని ఉండదు, యాభై ఒక్క మంది నలభై తొమ్మిది మందిని నోరు మూయించే పరిస్థితీ రాదు.

గ్రామైక్య సంఘంలో ఇది ఎలా నడుస్తుందో చూడండి. ప్రతిపాదన: కొనుగోలు కేంద్రానికి టార్పాలిన్ పట్టాలు అద్దెకు తెచ్చే బదులు సంఘం డబ్బుతో కొందాం. ముందు ఒక చుట్టు సందేహాలు మాత్రమే అడుగుతారు, ఇంకో చుట్టు అభిప్రాయాలు చెబుతారు. మూడో చుట్టు అభ్యంతరాలు.

"అక్కా, మీరేమంటరు?"

"కొనుడు మంచిదే. గాని కొనుగోళ్లు అయినంక యాడ పెడుతం? ఎలుకలు కొరికితే ఎవరి జిమ్మ?"

ఇది అసలైన అభ్యంతరం. సంఘం భవనంలో ఒక గది, తాళం ఒకరి దగ్గర, స్టాకు పుస్తకం అని ప్రతిపాదనలో కలుపుతారు. తర్వాతి ఆమె వంతు.

"నాకు నచ్చలే."

"ఎందుకు నచ్చలే చెల్లె? సంఘానికి ఏం నష్టమైతది, చెప్పు."

"నష్టమేం లేదు. పోయినేడు వాన పడ్డప్పుడు మా కుప్పకు పట్టా ఇయ్యలే. లీడర్లకు దగ్గరోళ్లకే ఇచ్చిండ్రు. ఇప్పుడు కొన్నా గట్లనే అయితది."

చాలా సమావేశాల్లో ఈ మాటను పాత పంచాయితీ అని కొట్టేస్తారు. కొట్టేయకండి. ఆమె చెప్పింది పట్టాలు కొనడానికి అడ్డు కాదు గానీ, పట్టాలు ఇచ్చే వరుసకు నియమం లేదన్న సంగతి బయటపెట్టింది. "టోకెన్ నంబరు వరుసలోనే పట్టాలు" అన్న వాక్యం కలిస్తే ఆమె అభ్యంతరం తీరుతుంది, ప్రతిపాదన ముందుకన్నా గట్టిపడుతుంది. చేతులెత్తించి ఉంటే ఆమె ఒక్కతే ఓడిపోయేది, ఆ నియమం ఎప్పటికీ పుట్టేది కాదు.

చుట్టు తిప్పేటప్పుడు ఒక సంగతి చూసుకోండి. అధ్యక్షురాలు, మేనేజరు, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు చివర మాట్లాడాలి. పెద్దమనిషి ముందు చెప్పేస్తే మిగతావాళ్లు "మీరు చెప్పినంక ఏముంది" అని ఊరుకుంటారు.

ఐదో అడుగు: సమావేశం, తీర్మానం

ఎజెండా మూడు రోజుల ముందు ఫోన్లకు చేరాలి, ఆఫీసు గోడ మీద కూడా ఉండాలి. బోర్డు సమావేశానికి చట్టంలో నోటీసు గడువు ఉంటే అదే పాటించండి. ఉత్పత్తిదారుల కంపెనీకి మామూలుగా ఏడు రోజులు. ఎజెండాలో ప్రతి అంశం పక్కన అది తెలియజేయడానికా, చర్చకా, తీర్మానానికా అని రాయండి. "ఇతర అంశాలు" కింద డబ్బు ఖర్చయ్యే తీర్మానం ఏదీ పెట్టకూడదని నియమం పెట్టుకోండి. చీకటి పడి, సగం మంది లేచి పోయాక పెద్ద ఖర్చులు ఆమోదం పొందేది ఆ తలుపులోంచే.

కోరం సంతకాలు సమావేశం మొదట్లో తీసుకుని, తీర్మానాల వేళ మళ్లీ లెక్క చూడండి. ఇంటింటికీ పుస్తకం తిప్పి సంతకాలు తెప్పించడం ఎంత అలవాటైనా మానేయాలి. రేపు కోర్టులోనో రిజిస్ట్రార్ దగ్గరో ఆ సంతకం నిలవదు. పైగా రాని మనిషి వచ్చినట్టు రాయడంతోనే ఆ పుస్తకం మీద నమ్మకం పోతుంది.

తీర్మానం ఎలా రాయాలో ఒక నమూనా:

"తీర్మానం 3: యాసంగి కొనుగోళ్ల కోసం 40 టార్పాలిన్ పట్టాలు కొనాలని, కనీసం మూడు దుకాణాల కొటేషన్లు తీసుకోవాలని, మొత్తం ఖర్చు 80,000 రూపాయలు మించకూడదని, కొనే బాధ్యత కొనుగోలు కమిటీదని, పట్టాలు టోకెన్ నంబరు వరుసలోనే ఇవ్వాలని, కొనుగోళ్లు ముగిసిన 15 రోజుల్లో స్టాకు లెక్క సంఘానికి చెప్పాలని తీర్మానించడమైనది. వచ్చిన అభ్యంతరాలు: నిల్వ చోటు, ఇచ్చే వరుస. రెండూ సవరణలో చేర్చడమైనది. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, హాజరైనవారి సంతకాలు."

ఇందులో ఎవరు, ఎంత లోపల, ఏ గడువుకు, ఎవరికి చెప్పాలి అన్నీ ఉన్నాయి. "చర్చించి ఆమోదించడమైనది" అన్న ఒక్క వాక్యపు తీర్మానం ఆరు నెలల తర్వాత ఎవరికీ ఏమీ చెప్పదు. రాసిన వెంటనే, అందరూ లేవకముందే, గట్టిగా చదివి వినిపించండి. తర్వాతి సమావేశంలో మొదటి అంశం పాత తీర్మానాల అమలు ఎంతవరకు వచ్చిందన్నదే కావాలి.

ఆరో అడుగు: పాలకవర్గంలో ఎవరు, ఎన్నాళ్లు

పదవీకాలాలు అందరివీ ఒకేసారి ముగిసేలా పెట్టవద్దు. 12 మంది ఉంటే ఏటా నలుగురు దిగి, నలుగురు కొత్తవాళ్లు వచ్చేలా పెట్టుకుంటే పాత అనుభవం పోదు, కొత్త రక్తం ఆగదు. వరుసగా రెండుసార్లు చేసినవాళ్లు ఒకసారి ఆగాలన్న నియమం చాలామంది లీడర్లకు నచ్చదు, కానీ పెట్టాలి. పదిహేనేళ్లు ఒకే మనిషి నడిపిన సంఘంలో ఆ మనిషి ఎంత మంచివాడైనా, ఆయన తర్వాత నడిపేవాళ్లు తయారుకారు.

మహిళలు సభ్యులుగా ఉన్న చోట భర్తలో కొడుకులో వచ్చి కూర్చోవడం ఇంకా కొన్ని చోట్ల ఉంది. సభ్యురాలి కుర్చీలో సభ్యురాలే కూర్చోవాలి, ఆమె రాలేకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండాలి. ఇందులో మొహమాటం వద్దు. దీనితోపాటు సమావేశం వేళ కూడా ఆమెకు కుదిరేలా ఉండాలి. నాట్లకు, కలుపుకు పోయి వచ్చి వంట చేసుకునే వేళకు సమావేశం పెట్టి, ఆడవాళ్లు రావడం లేదని అనడం న్యాయం కాదు.

చుట్టరికం సంగతి. సంఘానికి గోదాం అద్దెకు కావాలి, బోర్డు సభ్యుడి బామ్మర్దికి గోదాం ఉంది. ఊళ్లో గోదాములు రెండే ఉన్నప్పుడు చుట్టాలది తీసుకోకూడదంటే పని నడవదు. తీసుకోవచ్చు. అయితే ఆ సభ్యుడు ముందే చెప్పాలి, చర్చ వేళ బయటికి పోవాలి, ఓటు వేయకూడదు, ఇంకో గోదాం ధర కూడా పుస్తకంలో ఉండాలి. ఇవన్నీ జరిగాయని తీర్మానంలో రాయాలి.

ఏడో అడుగు: డబ్బు, సమాచారం

చెక్కు మీద ఇద్దరి సంతకాలు అనేది అందరికీ తెలుసు. బుక్కు మొత్తం మీద ఒకరు ముందే సంతకాలు చేసి ఇచ్చేస్తే ఆ నియమం ఉన్నట్టా, లేనట్టా? ఖాళీ చెక్కు మీద సంతకం చేస్తే అది తొలగింపుకు కారణమవుతుందని రాసుకోండి. సంఘం డబ్బు ఎవరి సొంత ఫోన్‌పే ఖాతాలోకీ రాకూడదు, ఒక్క పూట కోసమైనా. సంఘం ఖాతాకే క్యూఆర్ కోడ్ పెట్టించుకోవచ్చు.

నెలకోసారి జమ, ఖర్చు, నిల్వ, రావాల్సిన అప్పులు ఒక పేజీలో రాసి గోడకు అంటించండి, సమావేశంలో చదివి వినిపించండి. మిర్చి కంపెనీ అయితే ఏ రోజు ఎన్ని బస్తాలు ఏ ధరకు అమ్మారో అదే సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఊళ్లో రైతు వినేది జెండా పాట ధర. అది ఆ రోజు మేలిమి సరుకు మీద పలికిన ధర, చాలా బస్తాలు దానికన్నా తక్కువకే పోతాయి. ఆ తేడా చెప్పకుండా "మన సరుకు ఇంతకు పోయింది" అని ఒక్క అంకె పెడితే కమిటీ మధ్యలో తిన్నదని పుకారు పుడుతుంది. రంగు, తేమ, తాలు బట్టి ఏ రకం ఎంతకు పోయిందో, జెండా పాట ఎంతో రెండూ పక్కపక్కన పెట్టండి. కాంటా చీటీ ఫొటో కూడా పెడితే ఇంకా మంచిది.

ఎనిమిదో అడుగు: నియమం తప్పితే

ఉమ్మడి వనరులను జనం తామే ఎలా కాపాడుకుంటారో జీవితమంతా పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఎక్కువ కాలం నిలిచిన చోట్ల ఆమె గమనించిన వాటిలో ఒకటి: శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి, తగాదా తేల్చే చోటు దగ్గర్లోనే ఉంటుంది. మన సంఘాలకు ఇది బాగా పనికొస్తుంది. కిస్తీ ఒకసారి తప్పితే ఇంటికి పోయి మాట్లాడటం, రెండోసారి రాతపూర్వక నోటీసు, తర్వాత జరిమానా, ఆ తర్వాత కొత్త అప్పు నిలిపివేత, చివరకు సభ్యత్వం మీద సర్వసభ్య సమావేశంలో చర్చ. లీడరు తప్పినా ఇవే మెట్లు.

ఫిర్యాదుల కమిటీ ముగ్గురితో చాలు, అందులో పదవిలో ఉన్నవాళ్లు ఉండకూడదు. ఫిర్యాదు వచ్చిన 15 రోజుల్లో ఇద్దరినీ విని, రాతలో జవాబివ్వాలి. ఆ జవాబు నచ్చకపోతే ఎక్కడికి పోవాలో కూడా ఆ కాగితం చివర ఉండాలి.

తొమ్మిదో అడుగు: ముందు ఏడాదిపాటు నడిపి చూసి, తర్వాత బైలాలోకి

ఇదంతా ఒక్కరోజులో బైలాలోకి ఎక్కించే ప్రయత్నం చేయకండి. ఉత్పత్తిదారుల కంపెనీలో ఆర్టికల్స్ (కంపెనీకి బైలా లాంటివి) మార్చాలంటే ఎన్నికైన డైరెక్టర్లలో మూడింట రెండు వంతుల మందో, సభ్యుల్లో మూడో వంతో ప్రతిపాదించి, ప్రత్యేక తీర్మానం చేయాలి. మిగతా చట్టాల కింద కూడా సవరణను రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాల్సి ఉంటుంది. అందుకే ఎవరు ఏం తేల్చాలన్న పట్టిక, ఖర్చు హద్దులు, కమిటీల కాగితాలు మొదట పాలకవర్గం తీర్మానంగా, సర్వసభ్య సమావేశం ఆమోదంతో ఏడాది నడపండి. నడిచినవి బైలాలోకి పంపండి, నడవనివి మార్చండి. చట్టానికి, బైలాకు విరుద్ధంగా ఉన్నది మాత్రం ఒక్క రోజు కూడా నడపకూడదు. అనుమానం ఉంటే ఆడిటర్‌ను ముందే అడగండి.

తేదీలు పంటను చూసి పెట్టుకోండి. సర్వసభ్య సమావేశాన్ని ఆడిట్ అయ్యాక, పెత్రమాస లోపే పెట్టుకుంటే మంచిది. బతుకమ్మ మొదలైందంటే దసరా దాకా ఎవరూ దొరకరు, ఆ వెంటనే వానాకాలం వడ్లు వచ్చేస్తాయి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘంలో ఏ ముఖ్యమైన సమావేశమూ పెట్టవద్దు. పట్టికను తిరగేసి చూసే సమావేశానికి యాసంగి వడ్ల డబ్బులు ఖాతాల్లో పడ్డాక, నాట్లు మొదలుకాకముందు దొరికే రెండు మూడు వారాలు అనుకూలం. ఆ తేదీని ఈసారి సర్వసభ్య సమావేశంలోనే తీర్మానం చేసి, పిలవాల్సిన బాధ్యత ఎవరిదో పక్కనే రాసి పెట్టండి.